డైరీ ఫార్మ్‌లో ఒక గాలిమార్గము

పోర్టుబ్లెయిరు నగరమునకు 2024వ సంవత్సరము సెప్టెంబరు మాసమున శ్రీవిజయపురమని నూతననామము ప్రకటింపబడినది గాని, అందలి పేటల పేర్లు మాత్రము మునుపటివే నిలిచియున్నవి. జంగ్లీఘాట్, హడ్డో, ఫీనిక్స్ బే, డిలానీపూర్, డైరీ ఫార్మ్ అని ఆటోవాండ్రు నేటికిని పిలుచుచునే యున్నారు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము ఈ దీవులలోని 3,80,581 మంది ప్రజలలో నూటికి సుమారు 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. వారిలో అనేకులు శ్రీకాకుళ, విశాఖపట్టణ తీరములనుండి వలస వచ్చినవారగుటచేత, ఈ వీధులలో నడచునపుడు వినవచ్చు తెలుగు కళింగాంధ్రపు యాసను బంగాళాఖాతము దాటించి తెచ్చుకొన్న తెలుగే.

డైరీ ఫార్మ్‌కు నేను వెళ్లినది ఒక చిన్న కర్మశాలను చూచుటకు. కంప్రెసరును ఇంట నుంచుకొన్నవారు మన దేశమున లక్షలకొలది గలరు. టైర్ల పంక్చరు దుకాణము మొదలు దంతవైద్యశాల వరకు దాని చప్పుడు వినబడని వీధి లేదు. కాని అది అణచి నింపిన గాలిని ట్యాంకునుండి పనిముట్టువరకు కొనిపోవు మార్గమును శాస్త్రబద్ధముగా నిర్మించుకొన్న గృహస్థులు అరుదు. అధికులు ఒక రబ్బరు గొట్టమును తగిలించి, అది చాలక పోయినపుడు నీళ్ల పైపుల దుకాణమునకు పోయి అగ్గువగా దొరకిన ప్లాస్టికు గొట్టమును తెచ్చి గోడకు కొట్టి, పని అయినదనుకొందురు. అట్లుగాక, పదవీ విరమణానంతరము తన యింటి వెనుకనే వడ్రంగపు షెడ్డు వేసికొని, గాలి లైనును స్వహస్తములతో నిర్మించుకొన్న ఒక వృద్ధ మేస్త్రీగారు ఇచ్చట నున్నారని మిత్రులొకరు చెప్పగా, వారి యనుమతి నంది వెళ్లితిని.

వారి స్వస్థలము శ్రీకాకుళము జిల్లా సముద్రతీరము. యౌవనమున విశాఖపట్టణపు నౌకానిర్మాణశాలలో పని నేర్చి, తరువాత ఈ దీవులకు వచ్చి నౌకల మరమ్మతు పనిలో జీవితమును గడపినవారు. ఆ విశాఖ నౌకాశాల సామాన్యమైన పాఠశాల కాదు. 1941వ సంవత్సరము జూన్ 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేయగా ఆరంభమై, 1948 మార్చి 14వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ చేతులమీదుగా ‘జలఉష’ అను నౌకను జలప్రవేశము చేయించిన ఘనత దానిది. నౌకాశాలలలో గాలి సుత్తులు, గాలి డ్రిల్లులు, రంగు చిమ్ము తుపాకులు అన్నియు యార్డు పొడవునను పరచిన ఇనుప గొట్టములనుండియే ప్రాణము పోసికొనును. అక్కడ కొలతలు మైళ్లలో నుండును; ఇక్కడ షెడ్డు పొడవు ఇరువది అడుగులు మించదు. అయినను పెద్దయార్డులో నేర్చిన నియమములలో ఒక్కదానినైనను చిన్నదని విడువక పాటించుటయే ఈ పెద్దమనిషి విశేషము.

షెడ్డులో అడుగిడగానే పడౌకు రంపపుపొట్టు పరిమళము స్వాగతము పలికెను. అండమాను పడౌకు మన యెర్రచందనమునకును, వేగిస చెట్టునకును ఒకే ప్రజాతికి చెందిన దాయాది వృక్షము. 1883లో స్థాపింపబడిన చాథం కోతమిల్లు ఈ కలపవలననే లోకప్రసిద్ధి గాంచినది. మేస్త్రీగారు ఆ చెక్కముక్కలతో పీటలు, పెట్టెలు, దేవుని మందిరములు చేయుదురు. గాలితో నడచు మేకుల తుపాకి, రంగు చిమ్ము స్ప్రే గన్, పొట్టు ఊదు గన్ అను మూడింటికి మాత్రమే వారు గాలి నుపయోగింతురు. నునుపు పట్టు మరను మాత్రము విద్యుత్తుతో నడచుదానినే ఉంచుకొన్నారు. గాలితో నడచు నునుపు మర ఈ పరిమాణపు కంప్రెసరు ఇచ్చుదానికంటె ద్విగుణముగా గాలిని మ్రింగుననియు, దానికొరకు పెద్ద కంప్రెసరు కొనుట వ్యర్థవ్యయమనియు వారి యభిప్రాయము. అది సరియైన లెక్కయే.

కంప్రెసరు షెడ్డులో లేదు. వెలుపలి గోడనానుకొని, వాన తగులకుండ, గాలి మాత్రము ధారాళముగా తగులునట్లు వేసిన చిన్న చావడిలో నున్నది: రెండు హార్స్ పవరు మోటారు, బెల్టు, రెండు సిలిండర్లు, నూరు లీటర్ల ట్యాంకు. ఐదు కేజీల ప్రెషరునకు దిగినపుడు తానే మొదలై, ఏడు కేజీలకు చేరినపుడు తానే ఆగును. దానిని బయట నుంచుటకు చప్పుడొక్కటే కారణము గాదు. రంగు ఆవిరులను, రంపపుపొట్టును పీల్చకుండ శుభ్రమైన గాలిని పీల్చవలెను. ఆ గాలి చల్లగా నుండవలెను. యంత్రము చుట్టును వేడి నిలువకుండవలెను. ఇరుకు మూలలో మూసిపెట్టిన కంప్రెసరు తన వేడిని తానే మరల పీల్చి అల్పాయువగును.

నేను లైను చూపుడని యడుగగా, వారు లైను చూపక, ముందుగా ఒక స్టీలు గ్లాసు తెప్పించి ట్యాంకు అడుగున వంగి కూర్చుండి డ్రెయిన్ కాకును మెల్లగా త్రిప్పిరి. బుస్సుమని గాలి రాలేదు. చిక్కని మజ్జిగతేట రంగున, నూనె తెట్టెతో, కొంచెము తుప్పు వాసనతో నీరు పడసాగెను. గ్లాసు ముప్పాతిక నిండిన పిదపగాని గాలి రాలేదు. అది ఆ ఉదయమున మేకుల పనికి నడచిన యంత్రము చేర్చుకొన్న నీరు.

“సూసారా బాబూ, ఈ నీరేటి ఎవులూ పొయ్యలేదు. గాలే తెచ్చింది. గాలి లైను యెయ్యడమంటే సగం నీటి లైను యెయ్యడమే. గాలి దాని దారిన అదే పోద్ది. నీటికే మనం దారి సూపించాల,” అనిరి.

ఈ మాటకు గల శాస్త్రీయాధారమును కొంచెము విస్తరించి చెప్పుట యవసరము. ముప్పది డిగ్రీల వేడిగల గాలి, ఘనపు మీటరునకు సుమారు 30 గ్రాముల నీటియావిరిని మాత్రమే మోయగలదు. అంతకు మించినది నీరై రాలవలసినదే. సంవత్సరములో సుమారు మూడువేల మిల్లీమీటర్ల వాన కురియునట్టియు, రెండు ఋతుపవనముల మధ్యను తడియారనట్టియు ఈ దీవులలో, సాపేక్ష ఆర్ద్రత ఎనుబది శాతమనుకొన్నచో, యంత్రము పీల్చు ప్రతి ఘనపు మీటరు గాలిలోను 24 గ్రాముల నీరు అదృశ్యముగా నుండును. ఆ గాలిని ఏడు కేజీలకు అణచినపుడు దాని పరిమాణము ఇంచుమించు ఎనిమిదవ వంతునకు కుంచించుకొని పోవును. ఎనిమిదవ వంతు స్థలము మోయగల ఆవిరియు ఎనిమిదవ వంతే, అనగా నాలుగు గ్రాములకు లోపు. కావున ఆ గాలి మరల చల్లబడగానే మిగిలిన ఇరువది గ్రాములు ఎక్కడనో ఒకచోట నీరై తీరవలెను. ఈ కంప్రెసరు నిమిషమునకు 140 లీటర్ల గాలిని పీల్చునట్టిది. ఎడతెగక గంటసేపు నడచినచో 170 గ్రాముల నీరు పుట్టునని లెక్క. అదే అనంతపురము జిల్లా ఎండకాలపు గాలి, 35 డిగ్రీల వేడిలో పాతిక శాతము ఆర్ద్రత గలదైనచో, ఘనపు మీటరునకు ఐదు గ్రాములకంటె ఎక్కువ రాల్చదు. అనంతపురపు మెకానిక్కు పట్టించుకొననిది డైరీ ఫార్మ్ వడ్రంగికి ప్రథమ సమస్య యగుటకు కారణమిదియే.

అయితే ఈ నీరంతయు ట్యాంకులోనే రాలిపోవునా యన్న, రాలదు. అణచివేతచేత గాలి నూరు డిగ్రీలకు పైగా వేడెక్కి ట్యాంకులో ప్రవేశించును. అందు కొంత చల్లబడి కొంత నీటిని విడచును. వెచ్చదనము మిగిలియుండగనే గొట్టములలోనికి పరుగిడి, అక్కడ చల్లారి, మిగిలిన నీటిని దారిపొడవునను విడచును. కంప్రెసరు మూతివద్దనే నీటి ఫిల్టరు బిగించి నిశ్చింతగా నుండువారి పొరపాటు ఇక్కడనే యున్నది. అక్కడ నీరు ఇంకను ఆవిరిరూపమున నుండుటచేత ఫిల్టరు కన్నుగప్పి దాటిపోవును. స్ప్రే గన్ మూతివద్ద చుక్కలై బయటపడి, మెరుగుపెట్టిన చెక్కమీద మచ్చలు చేయును. గాలిని ఏడెనిమిది మీటర్ల లోహపు గొట్టములో నడపించి, చల్లార్చి, నీటిని రాల్పించిన పిమ్మట, పనిముట్టునకు సమీపమున ఫిల్టరు నుంచవలెను. మేస్త్రీగారి షెడ్డులో ట్యాంకునుండి బయలుదేరిన లైను నేరుగా అవసరమున్న మూలకు పోక, ఒక గోడమీద పైకెక్కి, వెనుక గోడ చుట్టి, ఎదుటిగోడమీద స్ప్రే మూలకు చేరుటకు కారణమిదియే. చూచువారికి అది చుట్టుదారిగా తోచును. ఆ దూరమే గాలిని చల్లార్చు సాధనము.

లైనును మొదటినుండి చివరివరకు వారితో కలసి నడచి చూచితిని. ట్యాంకు బాల్ వాల్వునకును గోడమీది ఇనుప గొట్టమునకును నడుమ రెండడుగుల రబ్బరు హోసు గలదు. యంత్రము కంపించునపుడు ఆ కంపనము గొట్టపు మరలకు తగిలి వాటిని వదులు చేయకుండుటకు ఇది. ఈ ద్వీపసమూహమంతయు దేశములో అత్యధిక భూకంప ప్రమాదము గల మండలమున నున్నది. 2004 డిసెంబరు 26వ తేదీ ఉదయపు భూకంపమును, ఉప్పెనను ఇచ్చటివారెవరును మరువలేదు. కావుననే కంప్రెసరు కాళ్లు కాంక్రీటు దిమ్మెకు బోల్టులతో బిగించియున్నవి. గోడమీది క్లాంపులు గొట్టమును గట్టిగా నొక్కక, కొంచెము జరుగనిచ్చునట్లు వేసియున్నవి.

గోడపైని గొట్టము అరంగుళపు జి.ఐ. పైపు, ఆకాశనీలపు రంగు పూసినది. పైపుల రంగులను నిర్ణయించు భారతీయ ప్రమాణమున గాలికి ఆకాశనీలమే విధింపబడినది. ఇంట ఎవరు చూచెదరని వేరు రంగు పూయక యార్డులోని రంగునే పూసిన మనసు నాకు మిక్కిలి నచ్చినది. దానివలన ఉపయోగమును గలదు. రేపు ఈ షెడ్డు మరియొకరి చేతికి వచ్చినను, ఆ గొట్టమును నీటి గొట్టమని భ్రమించి కోయువారుండరు.

గొట్టము కంటికి సమముగా కనబడును గాని సమముగా లేదు. మీటరునకు ఒక సెంటీమీటరు చొప్పున, గాలి పోవు దిశనే క్రిందికి వాలియున్నది. తాపీవారు ఇండ్ల పునాదులకు మట్టము చూచుకొను పారదర్శకపు నీళ్ల గొట్టముతోనే ఆ వాలును గుర్తించి, సుద్దతో గీత గీచి, ఆ గీత వెంబడి క్లాంపులు కొట్టినారట. వాలు గాలి వెంట నుండుటచేత నీటిని గాలియే నెట్టుకొని పోవును. ఎదురు వాలు పెట్టినచో నీరు గాలితో పోరాడుచు లైను నడుమ నిలిచి, ఒక్కసారిగా ముద్దగా పనిముట్టులోనికి దూకును.

గొట్టమునుండి క్రిందికి దిగు శాఖల నిర్మాణమే ఈ లైనులోకెల్ల ముఖ్యమైన భాగము. సామాన్యముగా ప్రధాన గొట్టమునకు ఒక టీ వేసి, దాని నోటిని క్రిందికి త్రిప్పి, నేరుగా శాఖను దింపుదురు. అట్లు చేసినచో అడుగున పారుచున్న నీరంతయు మొదటి శాఖలోనికే జారును. ఇక్కడ ప్రతి టీ నోరును ఆకాశమువైపు త్రిప్పియున్నది. శాఖ జానెడు పైకి లేచి, రెండు ఎల్బోలతో వంగి, అటుపిమ్మట గోడవెంట దిగును. బిందెలో బురద అడుగున దిగిన తరువాత తేటను పైనుండి వంచుకొన్నట్లు, ఇందువలన గాలి పైభాగమునుండి మాత్రమే శాఖలోనికి ప్రవేశించును. దిగిన శాఖ రొమ్మెత్తున ఒక ప్రక్క నోటితో పనిముట్టునకు గాలినిచ్చి, అక్కడ ఆగక, ఇంకొక మూరెడు క్రిందికి పోయి బాల్ వాల్వుతో ముగియును. ఆ మూరెడు గొట్టమునకు పనిముట్టుతో సంబంధము లేదు. తప్పించుకొని వచ్చిన నీటికి అది చెరసాల. నేను కోరగా మూడు శాఖల వాల్వులను వరుసగా తెరచి చూపిరి. మొదటిదానిలో చెంచాడు నీరు, రెండవదానిలో కొన్ని చుక్కలు వచ్చెను. స్ప్రే మూలనున్న మూడవదానికి అరచేయి అడ్డుపెట్టి చూచితిని, చేయి తడియలేదు.

ఆ మూడవ శాఖకే ఫిల్టరును, రెగ్యులేటరును గలవు. మేకుల తుపాకికి లోపల నూనె కావలెను. రంగు తుపాకికి నూనె పరమశత్రువు. గాలిలో నూనెబొట్టు కలసినచో రంగు ఆ బొట్టును తప్పుకొని చుట్టును జరిగి, చెక్కమీద చిన్న గుంటలు తేలును. కావున లైనులో నూనెపాత్రను పెట్టక, మేకుల తుపాకిలో ఉదయమున రెండు బొట్లు చేతితోనే వేయుచున్నారు. రెండు పనిముట్ల హోసులను వేరువేరుగా, ఎరుపొకటి, నీలమొకటి, ఎన్నడును మార్చకుండ నుంచినారు. అతిసామాన్యమైన ఈ యేర్పాటు, వేలరూపాయల పరికరముకంటె మేలైనది.

గొట్టములకు లోహములు పెక్కు గలవు. రాగి సర్వోత్తమము, తుప్పు పట్టదు, వేడిని త్వరగా విడచును, లోపల నునుపుగా నుండును, ధర మాత్రము మండిపోవును. కర్మాగారములలో నేడు అల్యూమినియపు గొట్టములను, పానా లేకయే బిగియు జాయింట్లతో వేయుచున్నారు; అవియు మేలైనవే. జి.ఐ. పైపునకు లోపల తుప్పు పొరలు లేచి ఫిల్టరును పూడ్చు దోషము కలదు; సముద్రపు గాలి తగులు ఈ ఊరిలో మరలు కోసినచోటులెల్ల పైనుండియు తుప్పుపట్టును. అన్నియు తెలిసియే వారు జి.ఐ. పైపును గ్రహించిరి. ఇక్కడకు ప్రతి వస్తువును చెన్నపట్టణమునుండియో, విశాఖనుండియో, కలకత్తానుండియో ఓడపై రావలెను. చెడిపోయిన జాయింటును మార్చవలసి వచ్చినపుడు మరునాడే దొరకు వస్తువు జి.ఐ. పైపు. మరలన్నిటికిని టెఫ్లాను టేపు చుట్టి, బిగించిన పిమ్మట బయట రెడ్ ఆక్సైడు పూసి, ఏటేట ఎండకాలమున తిరిగి పూయుచున్నారు. దొరకు వస్తువును గ్రహించి, దాని లోపమునకు తగిన సేవ చేయుట వివేకమేయని నా నమ్మకము.

ఒక మూల మేకునకు పూసలవలె త్రాడున గ్రుచ్చి వ్రేలాడదీసిన తెల్లని పెంకుల నేను గమనించి ఏమని యడిగితిని. వారు వాటిని దించి నా చేతికిచ్చిరి. అవి పి.వి.సి. గొట్టపు ముక్కలు, ఒక్కొక్కటి కత్తిమొనవలె పదునుగా నుండెను. వేరొకచోట ఒక కుర్రవాడు నీళ్ల పైపుతో గాలి లైను వేసికొనగా, రెండేండ్లు నిక్షేపముగా పనిచేసి, ఒకనాడు నిచ్చెన తగిలి పగిలినదట. అదృష్టవశమున ఆ క్షణమున నతడు టీ త్రాగుటకు బయటికి పోయియుండెను. ముక్కలు ఎదుటి ప్లైవుడ్డు తలుపులో దిగబడినవట.

“పది కేజీలని పైపు మీదే రాసుంది కదా అంటాడండీ ఆడు. రాసుంది నీటికి. గాలికి కాదు,” అని వారు పలికినపుడు ఆ కంఠమున కోపముకంటె దుఃఖమే హెచ్చుగా వినబడెను.

పి.వి.సి. గొట్టముమీద ముద్రించిన ప్రెషరు, భారతీయ ప్రమాణము ననుసరించి, 27 డిగ్రీల వేడిలో నీటికి వర్తించునట్టిది. వేడి పెరిగినకొలది గొట్టపు బలము తగ్గును. కంప్రెసరు విడచు గాలియో వేడిది. ఎండ తగిలియు, కాలము గడచియు ఆ ప్లాస్టికు పెళుసెక్కును. ఇంతకంటె ముఖ్యమైన భేదము ఒకటి గలదు. నీరు అణగదు గనుక, నీళ్ల గొట్టము పగిలినచో ఒక్క చిమ్ముతో ప్రెషరు మాయమగును. గాలియో, అణచిపెట్టిన శక్తినంతటిని క్షణములో విడచును. ఈ నూరు లీటర్ల ట్యాంకు ఏడు కేజీలవద్ద నిండియున్నపుడు దానిలో దాగిన శక్తి, లెక్కకట్టి చూచిన, ఒక టన్ను బరువును ముప్పది యడుగుల యెత్తునకు లేపగలంతటిది. ఇనుము తెగినపుడు చీలును, రాగి తెగినపుడు నోరు తెరచును, పి.వి.సి. మాత్రము పెంకులై యెగురును. అమెరికా దేశపు కార్మికభద్రతా సంస్థ 1988లోనే ఈ గొట్టములను బయట కనబడునట్లు గాలికి వాడరాదని హెచ్చరిక వెలువరించెను. మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, 31వ విభాగమున, ప్రెషరుతో నడచు పరికరముల భద్రతను కర్మాగార యజమానుల బాధ్యతగా చేసియుండెను. ఇంటి షెడ్డులోనికి ఇన్స్పెక్టరు రాడు. ఇంట పనిచేసికొనువాడు తన ప్రాణమునకు తానే ఇన్స్పెక్టరు కావలెను.

ఆ బాధ్యతను ఈ గృహస్థు ఎట్లు నెరవేర్చిరో వినదగినది. లైను పూర్తి కాగానే గాలి నింపలేదు. చివరలన్నియు మూసి, నీటితో నింపి, చేతిపంపుతో పది కేజీలకు మించి ప్రెషరు నెక్కించి, ఒక పూట అట్లే యుంచిరి. జాయింటు ఊడినను నీటివలన హాని లేదు గనుక పరీక్ష నీటితోనే చేయవలెను. తరువాత నీటిని వంపి, గాలి నింపి, ప్రతి మరకును సబ్బునురుగు కుంచెతో పూసి, బుడగ లేచిన చోటునెల్ల విప్పి మరల బిగించిరి. సేఫ్టీ వాల్వు ఉంగరమును నెలకొకసారి లాగి, అది అంటుకొనిపోలేదని చూచుకొనుట నేటికిని మానలేదు. ట్యాంకు అడుగున నీరు నిలిచి లోపలినుండి తుప్పు తినును; పైన రంగు క్రొత్తదిగా మెరయుచుండగనే లోపల రేకు కాగితమంత పలుచబడును. డ్రెయిన్ కాకు త్రిప్పుటలోని పరమార్థము నీరు తీయుటతో ముగియదు. ట్యాంకు ఆయువును కాపాడుట అందు ప్రధానము.

ఆ పని ఆ యింట గృహిణిది. మనము ఐదున్నర గంటలకు ఇంకను ఎండ యనుకొనుచుండగా ఈ తూర్పుదీవులలో చీకటి పడును. గడియారము ఒక్కటే, సూర్యుడు వేరు. ఆమె సంధ్యాదీపము పెట్టునపుడే షెడ్డులోనికి వచ్చి కాకు త్రిప్పిపోవును. “దీపం మరిసిపోతే కదా బాబూ ఇది మరిసిపోడానికి,” అని టీ గ్లాసు నా చేతికిచ్చుచు నామె చెప్పెను.

కాకు త్రిప్పుటకు ముందు ఆమె గేజీ ముల్లును చూచును. పని ముగించి కరెంటు కట్టివేసిన వేళ మేస్త్రీగారు గేజీ అద్దముమీద ముల్లు నున్నచోట సుద్దచుక్క పెట్టుదురు. గంట గడచిన తరువాత ముల్లు చుక్కను విడచి ఎంత దిగినదో చూచి కారుడును అంచనా కట్టుదురు. ఇందుకు వేరు పరికరము అక్కరలేదు. నూరు లీటర్ల ట్యాంకులో ఒక కేజీ ప్రెషరు పడినదనగా సుమారు నూరు లీటర్ల గాలి పోయినదని యర్థము. కారుడు చిన్న విషయమని తోచును. ఏడు కేజీలవద్ద ఒక మిల్లీమీటరు రంధ్రము నిమిషమునకు అరువది లీటర్లకు మించి గాలిని వృథాచేయును. అనగా ఈ యంత్రము సంపాదించుదానిలో ఇంచుమించు సగము. దీవులకు ప్రధాన భూభాగమునుండి విద్యుత్తు తీగ లేదు. ఇచ్చటి కరెంటులో అధికభాగము ఓడలలో వచ్చు డీజిలును కాల్చి పుట్టించునది. బుస్సుమను ఒక మర, సముద్రము దాటి వచ్చిన డీజిలును గాలిలో కలుపుచున్నదని వారు భావించుట నాకు సమంజసముగానే కనబడెను.

అణచిన గాలిని గొట్టములలో దూరము కొనిపోవచ్చునను సంగతిని లోకమునకు నిరూపించినవారిలో జెర్మాన్ సొమ్మెయే ముఖ్యుడు. ఇటలీ, ఫ్రాన్సు దేశముల నడుమ ఆల్ప్స్ పర్వతమును తొలుచు మాంట్ సెనీ సొరంగము 1857లో మొదలై చేతి ఉలులతో నత్తనడక నడచుచుండగా, 1861లో ఆయన గాలి డ్రిల్లులను ప్రవేశపెట్టెను. పన్నెండు కిలోమీటర్లకు మించిన ఆ సొరంగములోనికి గాలి గొట్టములలో పోయి బండను తొలిచెను. పని ముగిసిన గాలియే లోపలి కూలీలకు ఊపిరియు నయ్యెను. 1871లో సొరంగము తెరవబడుటకు కొలది వారముల ముందు సొమ్మెయే మరణించెను. అప్పటినుండి గొట్టపు నియమములు మారలేదు: వాలు, నీటికి దారి, కారని జాయింటు.

నాకు నచ్చనిది ఒకటి గలదు. చెప్పకుండుట న్యాయము కాదు. లైను స్ప్రే మూలవద్ద ముగిసిపోయినది. రెండు శాఖలలో ఒకేసారి పని జరిగినపుడు అచ్చట ప్రెషరు కొంచెము కుంగుచున్నది. చివరను మరల మొదటితో కలిపి వలయముగా చేసియుండినచో, గాలి రెండు దిక్కులనుండి వచ్చి ఆ కుంగు తగ్గియుండును. తలుపు అడ్డమగుటచేత కలుపలేదనియు, తలుపు పైకెక్కించి దించినచో ఎదుటివైపు నీరు నిలుచుననియు వారు సమాధానము చెప్పిరి. తలుపునకు ఆవల నీటిని పట్టుటకు అటువంటి మూరెడు గొట్టమును ఇంకొకటి దింపినచో సాధ్యమేయని నేనంటిని. వారు కొంతసేపు ఆ గోడను తేరిపార చూచి, “అదీ సెయ్యొచ్చు,” అనిరి.

బయలుదేరునపుడు నా చొక్కామీద పొట్టు పేరుకొనియుండుట చూచి నేను ఊదు గన్ వైపు చేయి చాపగా, వారు గట్టిగా వారించి, మేకునకున్న బట్టల బ్రష్షు నిచ్చిరి. గాలిని దేహముమీదికి తిప్పుట ఆ షెడ్డులో నిషిద్ధము. ఏడు కేజీల గాలి చర్మముమీది చిన్న గాయమునుండి లోపల ప్రవేశించినచో ప్రాణాంతకము కావచ్చును. రేగిన పొట్టు కంటిలో గ్రుచ్చుకొన్నచో దృష్టి పోవచ్చును. దుకాణములలో కుర్రవాండ్రు పరిహాసమునకు ఒకరిమీదికొకరు గాలి కొట్టుకొనుట మన యూళ్లలో నిత్యము కనబడు దృశ్యమే గదా! పెద్దలు దానిని నవ్వుచు చూడరాదు.

కాకినాడలోను, మచిలీపట్నములోను, విశాఖలోను, సముద్రపు తేమ తగులు మన తీరపట్టణములన్నిటిలోను ఇంటి షెడ్డులలో కంప్రెసర్లు పెట్టుకొన్నవారు ఈ వ్యాసమును చదువుచున్నచో, వారికి నా విన్నపము ఒక్కటే. మీ గోడమీద తెల్లని పి.వి.సి. గొట్టము గాలిని మోయుచున్నచో నేడే కరెంటు కట్టి, ట్యాంకు ఖాళీ చేసి, దానిని విప్పివేయుడు. ఇనుప గొట్టము వేయు స్తోమత కలుగునంతవరకు, తగిన ప్రెషరునకు తయారైన మంచి రబ్బరు హోసు ఒక్కటి చాలును.